ఎక్స్‌రే బాగానే ఉందట, మరి ఈ ఆయాసం ఏంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 42 ఏళ్లు. మూడు నెలల కిందట వైరల్ జ్వరం, దగ్గుతో పది రోజులు మంచం మీదే ఉన్నా, ఆస్పత్రిలో చేరేంత కాలేదు. ఇప్పటికీ రెండో అంతస్తు ఎక్కుతుంటే మధ్యలో రెయిలింగ్ పట్టుకుని ఆగాల్సొస్తోంది, ఫోన్లో కాసేపు మాట్లాడితే దగ్గు తెర. ఎక్స్‌రే నార్మల్ అన్నారు, ఇంట్లో అందరూ నీ భయమే అంటున్నారు. ఊపిరితిత్తులు ఇక ఇంతేనా?

జవాబు: భయం కాదమ్మా, మీరు చెప్పేది నిజమే. ఎక్స్‌రే అంటే ఫోటో, అందులో ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో కొంత కనపడుతుంది గానీ ఎలా పనిచేస్తున్నాయో కనపడదు. గాలిగొట్టాల లోపల సన్నటి నూగు ఉంటుంది, సీలియా అంటాం, కళ్లెని పైకి నెట్టడం దాని పని, వైరస్ దాన్ని ఊడగొట్టేస్తుంది, మళ్లీ మొలిచేదాకా కళ్లె సరిగ్గా పైకి రాదు, దానికితోడు అక్కడి నరాలు చిన్నదానికే రేగిపోతాయి, అందుకే మాట్లాడినా నవ్వినా చల్లగాలి తగిలినా దగ్గొస్తుంది. మామూలుగా 3 నుంచి 8 వారాల్లో సర్దుకుంటుంది. మీకు అది దాటిపోయింది కాబట్టి ఇక ఆగొద్దు.

ముందు స్పైరోమెట్రీ, అంటే గట్టిగా ఊదించే పరీక్ష, చేయించుకోండి. వైరస్ తర్వాత కొందరికి ఆస్తమా బయటపడుతుంది, ఇన్‌హేలర్‌తో బాగా తగ్గుతుంది. తర్వాత డీఎల్‌సీఓ, అంటే పీల్చిన గాలి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఎంత బాగా చేరుతోందో చూసే పరీక్ష, ఆరు నిమిషాల నడక పరీక్ష, తేడా ఉంటే సీటీ. రక్తహీనత, గుండె, టీబీ కూడా చూడాలి. ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలిపోవడం ఎక్కువగా వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లలో చూస్తాం, వాళ్లలోనూ చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంటాయి.

ఈలోగా మెట్లెక్కేటప్పుడు ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదులుతూ అడుగెయ్యండి. రోజూ కొంచెం నడవండి, కానీ ఈరోజు నడిస్తే రేపు లేవలేకపోతున్నారంటే అది ఎక్కువైనట్టే, తగ్గించండి, పంతానికి పోవద్దు. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ మాత్రలు మాత్రం వేసుకోకండి. కళ్లెలో రక్తం, ఛాతీ నొప్పి, ఒక కాలే వాయడం, ఊరికే కూర్చున్నా ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, వీటిలో ఏది కనపడినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

నడక పరీక్షకి వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లని ఒకరిని వెంట తీసుకెళ్లండి, పక్కనే నిలబడి చూస్తే మీ ఆయాసం ఏంటో వాళ్లకీ తెలుస్తుంది.