నెల్లూరులో ఇంటర్నేషనల్ స్కూల్: పిల్లల భద్రత నిజంగా ఉందో లేదో ఎలా కనుక్కోవాలి?

మీ పాపను వచ్చే ఏడు ఒకటో తరగతిలో చేర్చాలని నెల్లూరులో ఇంటర్నేషనల్ స్కూళ్లు చూస్తున్నారు. వెళ్లిన ప్రతిచోటా సీసీ కెమెరాలు చూపించి పంపిస్తున్నారు, అసలు సంగతి ఎలా తెలుస్తుందని అడిగారు. నేనూ అప్పట్లో ఆ కెమెరాలు చూసే ఫీజు కట్టాను. వాటిని అని లాభం లేదు, అవి బాగానే పనిచేశాయి. మా వాడి విషయం జరిగింది అవి లేనిచోట, స్కూల్ బస్సులో.

మాది వేదాయపాళెం. అప్పుడు మా వాడు మూడో తరగతి. బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే అటెండర్ వీణ్ణి రోజూ ముందు సీట్లో తన పక్కనే కూర్చోబెట్టుకునేవాడట. చాక్లెట్లు ఇచ్చేవాడు, తన ఫోన్‌లో గేమ్స్ ఆడుకోనిచ్చేవాడు. "అమ్మకు చెప్పొద్దు, ఇది మన సీక్రెట్" అనేవాడు. ఒకరోజు అన్నం తింటూ మా వాడు ఏదో మాటల్లో ఈ సీక్రెట్ అనే మాట వదిలాడు. నా చేతిలో ముద్ద అట్నే ఉండిపోయింది.

అక్కడ నేను చేసిన తప్పు ముందు చెప్తాను. ఆ రాత్రి వాణ్ణి కూర్చోబెట్టి ఇంకేం చేశాడు, ఎక్కడ పట్టుకున్నాడు అని పదిసార్లు అడిగాను. మూడోసారికే వాడు మాట్లాడటం మానేశాడు. ఏదో తప్పు చేశానని అనుకున్నాడు పాపం. ఒక్కసారి, నిదానంగా, వాడు చెప్పినంతవరకు విని "చెప్పి మంచిపని చేశావు నాయనా" అని ఊరుకోవాల్సింది. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టంలో పిల్లల వాంగ్మూలం ఇంట్లోనో వాళ్లు కోరుకున్న చోటనో తీసుకోవాలనీ, పోలీసులు యూనిఫాంలో రాకూడదనీ రాశారంటే ఊరికే రాయలేదని నాకు తర్వాత అర్థమైంది.

మరుసటిరోజు పొద్దున్నే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. మర్యాదగానే విన్నారు. "అతనికి పిల్లలంటే ఇష్టం మేడమ్, అంతకుమించి ఏమీ ఉండదు. అయినా మీకు టెన్షన్ ఎందుకు, ఈరోజే అతన్ని పొదలకూరు రోడ్డు రూట్‌కి మార్చేస్తాం" అన్నారు. నిజం చెప్తున్నా, నేను థాంక్స్ చెప్పి ఇంటికొచ్చాను. పని అయిపోయిందనుకున్నాను.

మా అత్తగారు చింతపండు వలుస్తూ అంతా విని, తల కూడా ఎత్తకుండా, "ఆ రోడ్డున పొయ్యేవోళ్లు పిల్లకాయలు కారా?" అన్నారు.

మీ ప్రశ్నకు నా జవాబంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అనుమానం ఉన్న మనిషిని ఇంకో రూట్‌కి, ఇంకో బ్రాంచికి, చివరికి మంచి సర్టిఫికెట్ ఇచ్చి ఇంకో ఊరికి జరపడం. ఇది మన ఊరి రోగమే కాదు. 2014లో ఒక అమెరికన్ టీచర్ సంగతి ప్రపంచానికి తెలిసింది. 1969లోనే కాలిఫోర్నియాలో పిల్లల మీద నేరానికి శిక్ష పడిన మనిషి, ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు దేశం తర్వాత దేశం ఇంటర్నేషనల్ స్కూళ్లలో పాఠాలు చెప్పాడు. పాత రికార్డు తీసి చూసినవాళ్లు లేరు. అదే ఏడాది ఆ స్కూళ్ల సంఘాలు కొన్ని కలిసి పిల్లల రక్షణ కోసం ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టుకున్నాయి. అంత పేరున్న స్కూళ్ల పరిస్థితే అది. మన దగ్గర బోర్డు మీద ఇంటర్నేషనల్ అని ఉన్నవాటిలో చాలావరకు చెప్పేది సీబీఎస్‌ఈనే, కాబట్టి ఆ మాట చూసి ధైర్యం తెచ్చుకోకండి.

ఆ సాయంత్రమే జరిగింది జరిగినట్టు తేదీలతో ఒక కాగితం మీద రాశాను. నేనూ మా ఆయనా వెళ్లి స్కూల్లో ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం, ముద్ర వేయించుకున్నాం. నోటితో చెప్పినప్పుడు నవ్వుతూ విన్నవాళ్ల ముఖాలు ముద్ర వేసేటప్పుడు మారిపోయాయి. "స్కూల్ పేరు, మీ బాబు పేరు రెండూ పాడవుతాయి" అన్నారు. పిల్లల వివరాలు పేపర్లలో రాయడం అదే చట్టం కింద నేరమని అప్పటికి నాకూ తెలియదు, లేకపోతే అక్కడే అనేదాన్ని. ఇంటికొచ్చి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం. పిల్లాడి వయసు, ఊరు, ఏం జరిగింది అని అడిగారు, అంతే. ఆధారాలేవని అడగలేదు. తర్వాత అధికారులు స్కూల్‌కి వచ్చారు. ఆ అటెండర్‌కి పోలీస్ వెరిఫికేషనే లేదని అప్పుడు బయటపడింది, కాంట్రాక్టర్ పంపిన మనిషట. మిగతాది ఇక్కడ రాయను, అందులో ఇంకో పిల్లాడు ఉన్నాడు.

పోక్సో 2012 నాటి చట్టం. నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని భయం కలిగినా పోలీసులకు చెప్పాలి, అది ఎవరికైనా వర్తిస్తుంది. చెప్పకుండా దాచితే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాళ్ల విషయం దాచిన సంస్థ పెద్దకైతే ఏడాది వరకు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద మాత్రం కేసు ఉండదు. 2020 నిబంధనల ప్రకారం టీచర్లకే కాదు, కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లతో సహా పిల్లల దగ్గర మసలే సిబ్బంది అందరికీ వెరిఫికేషన్ చేయించాలి, అదీ ఒక్కసారి చేయించి వదిలేసేది కాదు. కాబట్టి టీచర్ల గురించి అడక్కండి, బస్సు అటెండర్ది, స్విమ్మింగ్ కోచ్‌ది, స్వీపర్ది ఉందా అని అడగండి. చూపించమనండి.

రెండో స్కూల్ చూడటానికి వెళ్లినప్పుడు నేను ఒకే ప్రశ్న అడిగాను: "మీ సిబ్బంది మీద ఒక బిడ్డ ఏదైనా చెప్పిందనుకోండి, ఆరోజు సాయంత్రంలోపు మీరేం చేస్తారు?" ఒకచోట "మా దగ్గర అలాంటివి జరగవండి" అన్నారు. కాఫీ తాగి వచ్చేశాం. ఇంకోచోట వైస్ ప్రిన్సిపాల్ ఒక ఫైలు తీశారు. ముందు ఆ మనిషిని పిల్లలకు దూరంగా పెడతాం, రాసిపెట్టుకుంటాం, పోలీసులకు చెప్తాం, మేమే విచారణ చేసి తేల్చుకోం అన్నారు. బ్రిటన్ స్కూళ్లలో ఈ పనికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెడతారు, సేఫ్‌గార్డింగ్ లీడ్ అంటారు. ఇక్కడా అట్లాంటి మేడమ్ ఒకరు ఉన్నారు. నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ ఫైలుతో కాదు. బయటికొస్తూ బాత్‌రూమ్‌ల దగ్గర ఊడుస్తున్న ఆమెను "పిల్లలెవరైనా ఏడుస్తూ వచ్చి ఏమైనా చెప్తే ఏం చేస్తావమ్మా?" అని అడిగితే, చీపురు పక్కన పెట్టి గోడ మీద ఫోటో చూపించింది. "ఆ మేడమ్‌కి చెప్పాల. నేను గుచ్చి గుచ్చి అడగకూడదంట" అంది. నాకు తెలియని విషయం ఆమెకు నేర్పించారు.

గుడ్ టచ్, బ్యాడ్ టచ్ క్లాసు అన్నిచోట్లా చెప్తారు. చెప్పనీయండి. ఆరేళ్ల బిడ్డకు పాఠం చెప్పి, పెద్దవాళ్లకు చెప్పకపోతే కాపలా భారం బిడ్డ మీదే పడుతుంది కదా.

ఒక్క ఇబ్బంది ముందే చెప్తున్నా. పద్ధతిగా ఉండే స్కూల్ మిమ్మల్నీ విసిగిస్తుంది. మా నాన్న బుచ్చిరెడ్డిపాళెం నుంచి మనవడికని మలై కాజా పట్టుకుని నేరుగా స్కూల్‌కే వెళ్తే, పికప్ కార్డు లేదని గేటు దగ్గర ముప్పావుగంట నిలబెట్టారు. "తాతని కూడా దొంగని చేశారే" అని నెలరోజులు అలిగాడు. ఇప్పుడు ఆ కార్డు ఆయన చొక్కా జేబులో ఉంటుంది, రంగనాయకుల గుడికి పోయినా సరే.

స్కూళ్ల పేర్లు అడగొద్దు, చెప్పను. మొదటిదాంట్లో మా బంధువుల పిల్లలు ఇంకా చదువుతున్నారు. మీరు ఆ ప్రశ్న అడగడం మాత్రం ఫీజు కట్టకముందే అడగండి, మీవారినీ వెంట తీసుకెళ్లండి.