ల్యాబ్ సీసాలోని బాస్కెట్ స్టార్ ఏ జాతిదో ఎలా చెప్పాలి?

అనంతపురంలో డిగ్రీ జువాలజీ చదువుతున్నానన్నారు. బాస్కెట్ స్టార్ (కొమ్మలుగా చీలే చేతులుండే, నక్షత్రచేపల బంధువైన సముద్రజీవి) ఉన్న ల్యాబ్ సీసా మీద ‘గోర్గోనోసెఫాలస్’ అని ప్రజాతి (జీనస్) పేరు మాత్రమే ఉంది, చేతుల కొమ్మలు లెక్కపెడితే జాతి (స్పీషీస్) తేలుతుందా అని మీ ప్రశ్న.

తేలదు. ఇది పెరిగే కొద్దీ చేతులు మళ్లీ మళ్లీ రెండుగా చీలుతాయి. అందుకే చిన్నదానికి కొమ్మలు తక్కువ, పెద్దదానికి ఎక్కువ. రంగునూ నమ్మకండి, ద్రావణంలో ఉంటే వెలిసిపోతుంది. చేతులు ఎండిన వేరుశనగ వేర్లలా ముడుచుకుని ఉంటాయి. విడదీయబోతే పుటుక్కున విరుగుతాయి, జాగ్రత్త.

అసలు చూడాల్సింది మధ్యలోని డిస్క్‌ని. పైన ఐదు జతల పొడవాటి గట్లు కనిపిస్తాయి. లెన్స్ పెట్టి చూడండి: గట్ల మీద గరుకు గింజలున్నాయా, మొనదేలిన ముళ్లా? గట్ల మధ్య చర్మం నున్నగా ఉందా? చిక్కేమిటంటే, ఈ ప్రజాతిలోని యూక్నెమిస్ అనే జాతిలో ఇవీ నమూనాకో తీరుగా ఉంటాయి. అలా మోసపోయి పూర్వం వేరే జాతులుగా పేర్లు పెట్టినవాటిని కొన్నింటిని తర్వాత ఇందులోనే కలిపేశారు.

కాబట్టి ఎక్కడ దొరికిందో తెలిస్తే సగం పని అయినట్టే. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో వర్ణించిన కాపుట్‌మెడ్యూసే జాతి నార్వే వైపుది. చిలెన్సిస్ జాతి దక్షిణార్ధగోళానిది. యూక్నెమిస్ ఉత్తర పసిఫిక్‌లో, ఆర్కిటిక్‌లో దొరుకుతుంది. డీఎన్‌ఏ తీద్దామన్నా, నమూనాలు చెడకుండా వాడే ఫార్మలిన్ ద్రావణంలో నానిన కండ నుంచి సరిగా రావడం కష్టం. చోటు తెలియకపోతే రికార్డులో ప్రజాతి పేరు వరకే రాసి వదిలేయండి.