2012లో లాగా సగం దేశానికి కరెంటు మళ్ళీ పోతుందా? ఇన్వర్టర్ కొంటే సరిపోతుందా?

పోవచ్చండీ, పోదని ఎవరూ రాసివ్వలేరు. కానీ నేనైతే దానికి భయపడను. 2012లో ఢిల్లీలో ఉన్నా, 2014లో హుద్‌హుద్ తుఫాను అప్పుడు వైజాగ్‌లో ఉన్నా, రెండూ చూశా కాబట్టి చెప్తున్నా.

జూలై 30 తెల్లవారుజామున రెండున్నరకి ఫ్యాన్ ఆగిపోయింది, కోచింగ్ కోసం ఒక రూమ్‌లో నలుగురం ఉండేవాళ్ళం, ఫ్యూజ్ పోయిందేమో అని డాబా ఎక్కి చూస్తే చుట్టూ చీకటే. ఉత్తరాది గ్రిడ్, అంటే అక్కడి రాష్ట్రాలన్నిటికీ కరెంటు మోసే పెద్ద లైన్ల వల, మొత్తం పడిపోయిందని పొద్దున తెలిసింది. సాయంత్రానికల్లా చాలావరకు వచ్చేసింది, హమ్మయ్య అనుకునేలోపు మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్ళీ పోయింది, ఈసారి తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా కలిసి, 60 కోట్ల మందికి పైగా! మెట్రో ఆగిపోయి నేను చెమటలు కక్కుకుంటూ నడిచి రూమ్‌కి చేరి ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ "మాకు రోజూ పోతుంది, దానికి టీవీలో చూపించాలా" అంది. ఆ ఏడాది మన దగ్గర కోతలు గుర్తున్నవాళ్ళకి అర్థమవుతుంది.

మనకి ఆ రోజు దెబ్బ తగలకపోవడానికి కారణం ఏంటంటే, దక్షిణాది గ్రిడ్ అప్పటికి వేరుగా ఉండేది, గాజువాక లాంటి చోట్ల డీసీ లింకులతోనే మిగతా దేశంతో కలిపారు, డీసీ అంటే ఒకే దిశలో పారే కరెంటు, దానిలో అటువైపు ఫ్రీక్వెన్సీ (ఏసీ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) గోల ఇటు రాదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైన్‌తో కలిపేశారు, ఇప్పుడు అందరిదీ ఒకటే గ్రిడ్, అంటే పోతే మనమూ ఉంటాం లిస్టులో. అయినా 2020 ఏప్రిల్ 5 రాత్రి 9కి దేశమంతా 9 నిమిషాలు లైట్లు ఆపినప్పుడు 31 వేల మెగావాట్ల లోడ్ ఒక్కసారిగా పడిపోయినా, హైడల్ (జలవిద్యుత్) ఉత్పత్తి తగ్గించి, మళ్ళీ పెంచి గ్రిడ్ పడకుండా నిలబెట్టారు. అదే 2012లో అయితే మధ్యప్రదేశ్‌లోని బీనా-గ్వాలియర్ లైన్ ఒక్కటి ట్రిప్ అవడంతోనే (తనంతట తానే ఆగిపోవడంతోనే) అంతా మొదలైంది.

అసలు నరకం హుద్‌హుద్. అక్టోబర్ 12. దేశం గ్రిడ్ పడిపోలేదు, మా వీధిలో మాత్రం స్తంభాలు వంగి, చెట్లు పడి, తీగలు రోడ్డు మీద. మాకు తొమ్మిదో రోజు వచ్చింది కరెంటు. ఇన్వర్టర్ మొదటి రాత్రే చచ్చింది, మళ్ళీ ఛార్జ్ అవ్వాలంటే కరెంటు ఉండాలిగా. మోటర్ ఆడక ట్యాంకు ఖాళీ, మూడో అంతస్తుకి బిందెలు మోశాం, ఏటీఎంలు లేవు, టవర్లు లేవు, ఫోన్లు పక్కింటి కారులో ఛార్జ్ పెట్టుకున్నాం. పక్క జిల్లా నుంచి వచ్చిన లైన్‌మన్లకి వీధివాళ్ళమే టిఫిన్లు పెట్టాం, పాపం వాళ్ళు మూడు రోజులుగా స్నానం చెయ్యలేదన్నారు.

కాబట్టి ఇన్వర్టర్ కొనండి, మామూలు కోతలకి పనికొస్తుంది, గ్రిడ్ పడినా కొన్ని గంటలు నెట్టుకొస్తుంది. తీరప్రాంతంలో ఉంటే మాత్రం దానికన్నా ముందు నీళ్ళు పట్టుకోండి, కాస్త క్యాష్ ఉంచుకోండి, బండిలో పెట్రోల్ కొట్టించుకోండి. డాబా మీద సోలార్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (లైన్ కరెంటుతో కలిపి నడిచే రకం) అయితే లైన్ కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది, అలా ఆగకపోతే తీగ పట్టుకున్న లైన్‌మన్‌కి షాక్ కొడుతుంది. మా బావ పెట్టించిన నెలకే కోత వచ్చింది, ఎర్రటి ఎండలో పలకల వైపు చూస్తూ చెమట తుడుచుకుంటున్నాడు.