కట్ట మీద సైకిలు ఎక్కేముందు

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు గీసి పంపిన మ్యాప్ చూశాను. చిత్తడి నేలల మధ్య 60 కిలోమీటర్లు, ఎక్కడా ఎత్తు లేదు. "అంతా చదునే కదా మావయ్యా, మూడు గంటల్లో తిరిగొచ్చేస్తాం" అని కింద రాశావు చూడు, అది చదివి నవ్వుకున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ అచ్చం అదే లెక్క వేసుకున్నాను. పొద్దున గంటకు 20 కిలోమీటర్ల వేగంతో హాయిగా వెళ్ళిన కట్ట మీదే, మధ్యాహ్నం రెండు దాటాక తిరిగొస్తుంటే వేగం తొమ్మిది దాటలేదు. గేటు మూసే వేళకి నేనింకా నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నాను. కాపలా ఆయన టార్చిలైటు పట్టుకుని నన్ను వెతుక్కుంటూ ఎదురొచ్చాడు. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

ఆ రోజు నేను లెక్కలో వేసుకోనిది గాలి. కొండ ఎక్కితే ఎప్పటికో ఒకప్పటికి దిగుడు వస్తుంది. ఎదురుగాలికి దిగుడు లేదు, మలుపు తిరిగేదాకా అలా తొక్కుతూనే ఉండాలి. గాలి నిరోధం వేగంతో పాటు సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. గాలి లేనప్పుడు 20 వేగంతో వెళ్తే ఒంటికి ఎంత గాలి అడ్డుతుందో, ఎదురుగా ఇంకో 20 వేగంతో గాలి వీస్తే దానికి నాలుగు రెట్లు అడ్డుతుంది. చెట్లూ ఇళ్ళూ లేని చోట దాన్ని ఆపేది ఏదీ ఉండదు.

అందుకని వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా దారి గీసుకో. సముద్రం దగ్గరలో ఉంటే ఇంకో సంగతి చూసుకోవాలి. తెల్లవారుజామున గాలి దాదాపు పడిపోయి ఉంటుంది. ఎండెక్కి నేల వేడెక్కాక నీటి వైపు నుంచి నేల మీదకి మొదలవుతుంది, మధ్యాహ్నానికి ఊపందుకుంటుంది. అంటే పొద్దున్నే సముద్రం వైపు వెళ్ళిపోయి, మధ్యాహ్నం దానికి వీపు పెట్టి తిరిగి రావడం మేలు. నీ మ్యాప్‌లో బాణాలు సరిగ్గా దీనికి ఉల్టాగా ఉన్నాయి.

వెనకగాలి మోసం గురించి కూడా చెప్పాలి. వెనక నుంచి తోసే గాలి మనకు తెలియదు. చెవుల దగ్గర చప్పుడు ఆగిపోయి, చైను చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంటే, ఆహా, ఇవాళ కాళ్ళు భలే ఆడుతున్నాయి అని మురిసిపోకు. ఆగి, రెల్లు ఎటు వంగి ఉందో చూడు.

ఇక దారుల సంగతి. ఇలాంటి చోట ఉన్న రోడ్లు ఏవీ సైకిలు వాళ్ళ కోసం వేసినవి కావు. ఏ దారి ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని స్వభావం తెలుస్తుంది. వరదని ఆపడానికి పోసిన కరకట్ట ఎత్తుగా, తిన్నగా ఉంటుంది. చూపు బాగా ఆనుతుంది, గాలీ బాగా తగులుతుంది. కాలవ పక్కన మరమ్మతుల కోసం వేసిన బాట చాలాసార్లు ఏదో ఒక తూము దగ్గర ఆగిపోతుంది, అవతలికి దారి ఉండదు. పాత ఊళ్ళ దారి వంకరటింకరగా పోతుంది, ఎందుకంటే అది మొదటి నుంచీ కాస్త మెరక వెతుక్కుంటూ వెళ్ళింది. వానలు పడ్డాక మిగతావి మునిగినా అది తేలే ఉండొచ్చు.

రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ నేషనల్ పార్కునే తీసుకో. రాజుల బాతు వేటల కోసం కట్టలూ తూములూ కట్టి నీళ్ళు నిలబెట్టిన చోటు అది. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కొట్టారని అక్కడ రాతి మీద చెక్కి ఉంది. 1985లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ నీళ్ళ పక్కనే ఇప్పుడు జనం అద్దె సైకిళ్ళ మీద పక్షుల్ని చూసుకుంటూ తిరుగుతారు.

మ్యాప్‌లో నువ్వు దూరాలు కొలిచావు, బాగుంది. అంతకంటే ముందు వంతెనలు లెక్కపెట్టు. చిత్తడిలో రెండు చోట్ల మధ్య దూరం ఎప్పుడూ నీళ్ళు దాటే చోటు ఎక్కడుందన్న దాన్ని బట్టే ఉంటుంది. అదిగో, అరకిలోమీటరులో కనిపిస్తున్న గుడిసె దగ్గరికి వెళ్ళాలంటే ఎనిమిది కిలోమీటర్లు చుట్టాలి. ఎక్కడైనా అలసిపోతే, సైకిలు పాడైతే, ఏ వంతెన మీదుగా బయట పడతావో ముందే గుర్తు పెట్టుకో. కంటితో దూరం అంచనా వేయకు. మనిషి ఎత్తు నుంచి చూస్తే చదును నేల మీద దిగంతం నాలుగున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఎత్తైన వాచ్ టవర్ అంతకంటే దూరం నుంచే కనిపిస్తుంది. ఎంత తొక్కినా దగ్గరికి రాదు. ఆ టవర్ని చూడటం మానేసి దగ్గరున్న నీటిని చూసుకుంటూ పో, ప్రాణానికి సుఖంగా ఉంటుంది.

చదునులో ఒళ్ళు నొప్పులు కూడా వేరుగా ఉంటాయి. ఎత్తు వస్తే లేచి తొక్కుతాం, దిగేటప్పుడు పెడల్ ఆపుతాం. ఇక్కడ రెండూ ఉండవు. గంటల తరబడి ఒకే భంగిమ, ఒకే చోట బరువు. అరచేయి చివర, చిటికెన వేలి వైపు తిమ్మిరెక్కితే నరం నలుగుతోందని అర్థం. పది నిమిషాలకోసారి సీటు మీంచి లేచి నాలుగు తొక్కులు తొక్కు, హ్యాండిల్ మీద చేతులు మార్చు, మోచేతులు బిగబట్టకు. పెద్ద గేరులో పడి గాలితో కుస్తీ పట్టొద్దు. తేలిక గేరు వేసి కాళ్ళు చురుగ్గా తిప్పు, వేగం తగ్గితే తగ్గనీ.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం పక్షులు, కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టు. నేను చూసినంతలో, తిన్నగా ఒకే వేగంతో పోతున్న సైకిలుని కొంగలూ బాతులూ పెద్దగా పట్టించుకోవు. గబుక్కున బ్రేకు వేసి, దిగి, "అదిగో" అని వేలు చూపించేసరికి గుంపంతా లేస్తుంది. అందుకని పక్షి కనిపించిన చోట ఆగకు. కొంచెం ముందుకు పోయి జమ్ము గుబురు ఎక్కడైనా ఉంటే దాని వెనక ఆగి, అక్కడి నుంచి చూడు. మేత ఆపి మెడలు పైకెత్తాయంటే నువ్వు ఎక్కువ దగ్గరికి వచ్చేశావని. అవి ఎగిరేదాకా ఆగకుండా అప్పుడే వెనక్కి తగ్గు. వలస వచ్చినవి తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు పోగేసుకుంటూ ఉంటాయి. మనం ఒక ఫొటో కోసం లేపిన ప్రతిసారీ అందులోంచి కొంత ఖర్చు. గూళ్ళు పెట్టే కాలంలో కొన్ని కట్టలు మూసేస్తారు, ఆ బోర్డు ఉన్న చోట "ఒక్క ఐదు నిమిషాలు" అనొద్దు. బెల్లు మనుషుల కోసమే, అదీ తప్పనిసరైతేనే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చెక్క వంతెనలు మంచుకి తడిసినా, నాచు పట్టినా సబ్బు రాసినట్టు ఉంటాయి, వాటి మీద హ్యాండిల్ తిప్పొద్దు, బ్రేకు వేయొద్దు, నమ్మకం లేకపోతే దిగి నడిపించు. రోడ్డు మీంచి నీళ్ళు పారుతుంటే లోతు ఎంత తక్కువగా కనిపించినా దిగకు, వెనక్కి తిరుగు. సాయంత్రం రోడ్డు వెచ్చగా ఉంటుందని పాములు వచ్చి పడుకుంటాయి, అవి కర్రపుల్లల్లాగే కనిపిస్తాయి. అదే వేళకి పురుగులు మేఘాల్లా లేస్తాయి, రంగులేని కళ్ళద్దాలు పెట్టుకో, నోరు మూసుకుని తొక్కు (నీకు ఇదే కష్టం, నాకు తెలుసు). చుట్టూ ఇన్ని నీళ్ళున్నా తాగడానికి చుక్క దొరకదు, గంటకు కనీసం అర లీటరు లెక్కన మోసుకెళ్ళు. టైర్లు కాస్త వెడల్పువి వేయించి, గాలి నిండా బిగించకుండా ఉంచు. తుమ్మ చెట్లున్న చోట పంచర్ అయితే ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా వేళ్ళతో నెమ్మదిగా తడిమి ముల్లు తీసెయ్యి. లేకపోతే కొత్త ట్యూబు కూడా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఉప్పునీటి ప్రాంతమైతే ఇంటికి రాగానే చైను మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె వెయ్యి. రేపు చేద్దామంటే తుప్పు ఆగదు.

కట్ట మీద పక్కగాలి కొట్టేటప్పుడు నీళ్ళ వైపు అంచుకి అతుక్కుని వెళ్ళొద్దు, మధ్యలో వెళ్ళు. గుబురు దాటి ఖాళీలోకి రాగానే ఒక్కసారిగా తోస్తుంది. స్నేహితురాలితో కబుర్లాడుతూ జంటగా వెళ్ళే చోటు కాదది.

ఇప్పుడు మ్యాప్ మళ్ళీ గియ్యి. 60 తీసేసి 35కి కుదించు, ఇది అడగడం కాదు. దాటే వంతెనలన్నీ ఎర్ర చుక్కలుగా పెట్టు, గాలి బాణం ఒక మూల వెయ్యి. గేటు దగ్గర ఫోన్ చేసి ఎన్నింటికి మూస్తారో, ఏ కట్ట నీళ్ళలో ఉందో కనుక్కుని దాని పక్కనే రాయి. ఆదివారంలోగా పంపు. మూడో తూము తర్వాత నువ్వు చుక్కల గీత గీసిన చోట అసలు దారి ఉందా లేదా అని నాకు అనుమానంగా ఉంది, అది ముందు తేల్చు.

ఇట్లు,
మీ మావయ్య