జ్వరానికి సాక్ష్యం చూపించాల్సి వస్తోందా?

ప్రశ్న: నేను ఒక సంస్థలో కస్టమర్ సపోర్ట్ విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొత్త మేనేజర్ వచ్చినప్పటి నుంచి సిక్ లీవు పెట్టాలంటేనే భయం వేస్తోంది. ఒంట్లో బాగాలేదని మెసేజ్ పెట్టిన వెంటనే ఫోన్ చేసి, “ఎంత ఉంది జ్వరం? మాత్ర వేసుకుంటే తగ్గదా? కనీసం మధ్యాహ్నానికైనా రాలేరా?” అని అడుగుతారు. మళ్లీ డ్యూటీకి వెళ్లిన రోజున అందరి ముందూ “రెస్టు బాగా దొరికినట్టుందే” అంటారు. పోయినసారి ఆయన అడగకముందే థర్మామీటర్ ఫోటో తీసి పంపాను. ఈ నెలలో జ్వరంతోనే రెండు రోజులు పనికి వెళ్లాను. ఆ వారంలోనే మా పాపకూ జ్వరం వచ్చింది. మావారు అయితే ఉద్యోగం మానెయ్యమంటారు, లేకపోతే సర్దుకుపొమ్మంటారు. ఇప్పుడు నిజంగా జబ్బుపడి పడుకున్నా, నేను సాకు చెబుతున్నానేమో అని నా మీద నాకే అనుమానం వస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ మేనేజర్ మాటల కన్నా ఆయన అడగకముందే మీరు పంపిన ఆ ఫోటో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆయన వేయబోయే ప్రశ్నను మీరే ముందుగా వేసుకుని, దానికి జవాబును కూడా సిద్ధం చేసి పంపారంటే, పర్యవేక్షణ ఆయన చేతుల్లోంచి మీ మనసులోకి వచ్చేసిందని అర్థం. ఒకసారి ఫోటో పంపాక రెండోసారి పంపకపోతే అది లోటుగా కనిపిస్తుంది. మూడోసారి మీకు వచ్చేది జ్వరం కాకుండా నడుము నొప్పో, తలనొప్పో, తల తిరగడమో అయితే దేన్ని ఫోటో తీస్తారు? ఇకపై అలాంటి సాక్ష్యాలేవీ మీరుగా పంపవద్దు. వైద్యుడిచ్చే సర్టిఫికెట్ సంస్థ నియమాల ప్రకారం ఎప్పుడు అవసరమో అప్పుడు ఇస్తే సరిపోతుంది.

“మాత్ర వేసుకుంటే తగ్గదా” అన్న ప్రశ్నకు జవాబు మీకు తెలిసి ఉండటం మంచిది. పారాసెటమాల్ లాంటి మాత్ర ఒంటి వేడిని నాలుగు నుంచి ఆరు గంటల పాటు తగ్గిస్తుందే తప్ప లోపలి ఇన్ఫెక్షన్‌ను తగ్గించదు. కాబట్టి మాత్ర వేసుకున్నాక థర్మామీటర్‌లో కనిపించే అంకె మీరు కోలుకున్నారని చెప్పదు. ఫ్లూ వచ్చినవారు లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచి, మొదలైన తర్వాత దాదాపు 5 నుంచి 7 రోజుల వరకు ఇతరులకు దాన్ని అంటించగలరు. జ్వరం తగ్గించే మందు ఏదీ వేసుకోకుండా కనీసం 24 గంటలు జ్వరం రాకుండా ఉన్నాకే పనికి వెళ్లాలని వైద్యులు చెప్పేది ఇందుకే. మీ పాపకు జ్వరం మీ నుంచే వచ్చిందని ఎవరూ కచ్చితంగా చెప్పలేరు, బడి నుంచి కూడా వచ్చి ఉండవచ్చు. ఆ నేరాన్ని మీ నెత్తిన వేసుకోవద్దు. అయితే జ్వరంతో నలుగురి మధ్య కూర్చోవడం మీ ఒక్కరి ఓపికకు సంబంధించిన విషయం కాదని మాత్రం గుర్తుంచుకోండి.

సాకు చెబుతున్నానేమో అన్న అనుమానం వచ్చినప్పుడు “నేను నిజంగా జబ్బుగా ఉన్నానా” అని అడుగుతూ కూర్చుంటే తేలదు, ఎందుకంటే ఎంత జబ్బు చాలో చెప్పే కొలత ఎవరి దగ్గరా లేదు. దాని బదులు రెండు విషయాలు చూసుకోండి. నా పనిని ఈరోజు చేయాల్సినంత సరిగా చేయగలనా? నేను వెళ్తే ఇంకెవరికైనా ఇది అంటుకునే అవకాశం ఉందా? మొదటిదానికి లేదనో రెండోదానికి ఉందనో జవాబు వస్తే ఆ రోజు సెలవు పెట్టడమే సబబు. సాకులు చెప్పేవాళ్లు సాధారణంగా ఇంత మథనపడరని కూడా నా అనుభవంతో చెప్పగలను.

ఇక మీ మేనేజర్ సంగతి. ఇలా ప్రవర్తించేవారిలో ఎక్కువమంది దుర్మార్గులు కారు. ఒక మనిషి తగ్గితే కాల్స్ ఎవరు తీసుకుంటారన్నది వారి అసలు సమస్య. సరిపడా మనుషులను ఇవ్వని సంస్థ ఆ లోటును మేనేజర్ మీదకు తోస్తుంది, మేనేజర్ దాన్ని జ్వరంతో ఉన్న ఉద్యోగి మీదకు తోస్తారు. కొందరికి గతంలో ఎవరో ఒకరు అబద్ధపు సెలవులతో విసిగించిన అనుభవం ఉంటుంది, ఆ కోపం తర్వాత వచ్చినవారందరి మీదా పడుతుంది. తనకు ఒళ్లు కాలిపోతున్నా పనికి వచ్చానని గొప్పగా చెప్పుకునే మేనేజర్లూ ఉన్నారు, వీరితో వ్యవహారం కాస్త కష్టం, ఎందుకంటే మీరు సెలవు పెట్టడం వారికి తమ త్యాగాన్ని వెక్కిరించినట్టు కనిపిస్తుంది. మీ ఉత్తరాన్ని బట్టి మీ మేనేజర్ మొదటి రకమని నేను అనుకుంటున్నాను, ఎందుకంటే ఆయన అడిగేది మధ్యాహ్నానికైనా రమ్మని, అంటే ఆయన లెక్కంతా షిఫ్ట్ గురించే. అయితే కారణం ఏదైనా, షిఫ్ట్‌లకు మనుషులను సర్దడం ఆయన ఉద్యోగంలో భాగం, మీ అనారోగ్యానికి దాంతో సంబంధం లేదు.

ముందుగా మీ సంస్థ సెలవు నియమాలు తెచ్చుకుని పూర్తిగా చదవండి. ఎవరో చెప్పగా విన్నది లెక్కలోకి తీసుకోవద్దు. ఏడాదికి ఎన్ని సిక్ లీవులున్నాయి, డ్యూటీ మొదలవడానికి ఎంత ముందు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజులు దాటితే మెడికల్ సర్టిఫికెట్ కావాలి, వారాంతపు సెలవుకు కలిపి పెడితే ఎలా లెక్కిస్తారు అన్నవి అందులో ఉంటాయి. ఆ నియమాలను మీరు తు.చ. తప్పకుండా పాటిస్తేనే తర్వాత మాట్లాడటానికి మీకు బలం ఉంటుంది. సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు కూడా, పని చేసే స్థితిలో లేరని, ఇన్ని రోజుల విశ్రాంతి అవసరమని ఉంటే సాధారణంగా చాలు. జబ్బు పేరు అందులో రాయాలా వద్దా అని వైద్యుడిని అడిగి నిర్ణయించుకోవచ్చు.

ఆ తర్వాత మెసేజ్ విషయం. ఫోన్ చేసి చెప్పడం కన్నా రాసి పంపడం మేలు, నియమాల్లో ఫోన్ చేయాలని ఉంటే ఫోన్ చేసి వెంటనే అదే విషయాన్ని మెయిల్‌లో పెట్టండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: “నమస్తే సార్. రాత్రి నుంచి జ్వరంగా ఉంది, ఈరోజు డ్యూటీకి రాలేను. ఈ రోజుకు సిక్ లీవు నమోదు చేస్తున్నాను. నా దగ్గర పెండింగ్‌లో ఉన్న కేసుల వివరాలు షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టాను. రేపు రాగలనో లేదో సాయంత్రం ఆరింటిలోగా చెబుతాను.” ఇందులో క్షమాపణ లేదు, జ్వరం ఎంతో లేదు, దయచేసి అనుమతించండి అన్న ప్రార్థనా లేదు. ఆయనకు నిజంగా అవసరమైనవి మాత్రం రెండూ ఉన్నాయి: పని ఎక్కడ ఆగింది, రేపటి సంగతి ఎప్పుడు తెలుస్తుంది.

ఆయన ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తండి. ఎన్ని రకాలుగా అడిగినా ఒకే వాక్యం చెప్పండి: “సార్, ఈరోజు పని చేసే స్థితిలో లేను, రేపటి విషయం సాయంత్రం చెబుతాను.” వివరాలు చెప్పిన కొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి. గొంతు నొప్పి అంటే వేడినీళ్లతో పుక్కిలించమంటారు, నీరసం అంటే కాస్త పడుకుని లేచి రమ్మంటారు. మధ్యాహ్నానికి రమ్మంటే “రాలేను సార్” అన్నది పూర్తి జవాబే. ఇంటి నుంచి లాప్‌టాప్‌లో కాసేపు చూడమని అడిగితే మాత్రం ఆలోచించి బదులివ్వండి. మీరు ఒప్పుకుని కూర్చుంటే అది పనిదినం అవుతుంది, అప్పుడు దాన్ని సిక్ లీవుగా నమోదు చేయవద్దు. పని చేస్తూనే సెలవు కూడా కోల్పోయి, పైగా ‘ఇంట్లో ఉన్నా పని చేయగలదు’ అన్న అభిప్రాయాన్ని మిగిల్చుకున్నవారు నా దగ్గరకు చాలామంది వచ్చారు.

అందరి ముందూ అన్న మాటకు అక్కడికక్కడే ఘాటుగా బదులివ్వాలని అనిపించడం సహజం. ఆ పని చేయవద్దు. “ఇప్పుడు బాగానే ఉన్నాను సార్” అని ముక్తసరిగా చెప్పి మీ సీటుకు వెళ్లిపోండి. మాట్లాడాల్సింది మీరు పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న ఒక మామూలు రోజున, సెలవు ప్రస్తావన ఏదీ లేనప్పుడు, ఆయనతో విడిగా. పదిహేను నిమిషాలు కావాలని ముందే అడగండి. “నేను సిక్ లీవు పెట్టినప్పుడు మీకు ఎక్కడ ఇబ్బంది అవుతోంది సార్?” అని మొదలుపెట్టి ఆయన చెప్పేదాకా ఆగండి. షిఫ్ట్ గురించి చెబితే, పొద్దున ఇంకాస్త ముందుగా తెలియజేయగలిగితే తప్పకుండా చేస్తానని, పని అప్పగింత ఎలా ఉండాలో ఇద్దరం కలిసి అనుకుందామని చెప్పండి. అప్పుడు మీ మాట చెప్పండి: “నేను నియమాల ప్రకారమే సెలవు పెడుతున్నాను. ఫోన్‌లో జ్వరం ఎంతో అడగడం, తిరిగొచ్చాక అందరి ముందూ అనడం నాకు చాలా బాధ కలిగిస్తోంది. దానివల్ల ఈ నెల జ్వరంతోనే పనికి వచ్చాను. ఇక మీదట అలా రాలేను.” ఇక్కడ గొంతు వణికినా ఫరవాలేదు. చాలామంది మేనేజర్లు ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నిజంగానే ఆశ్చర్యపోతారు. ఆ సాయంత్రమే, మాట్లాడుకున్న విషయాలు రెండు మూడు వాక్యాల్లో రాసి ఆయనకు ధన్యవాదాలతో మెయిల్ పెట్టండి.

అయినా ధోరణి మారకపోతే తేదీ, సమయం, అన్న మాట, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్నవి ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోండి. ఆ నోటు ఆఫీసు కంప్యూటర్‌లో కాకుండా మీ సొంత పుస్తకంలో ఉండాలి. మీ సహోద్యోగులకూ ఇదే అనుభవం ఉంటే, బహుశా ఉండే ఉంటుంది, కలిసి వెళ్లడం మంచిది. హెచ్‌ఆర్ దగ్గరకు వెళ్లినప్పుడు మేనేజర్ స్వభావం గురించి ఫిర్యాదు చేస్తే అది ఇద్దరి మధ్య గొడవగా మిగిలిపోతుంది. “నియమాల ప్రకారం తెలియజేసిన సిక్ లీవుకు, సర్టిఫికెట్ అవసరం లేని రోజులకు, మేనేజర్ రుజువు అడగవచ్చా?” అని రాతపూర్వకంగా ఒకే ప్రశ్న వేయండి. దానికి జవాబు ఇవ్వక తప్పదు, ఇచ్చిన జవాబు మీ దగ్గర ఉంటుంది. హెచ్‌ఆర్ పనిచేసేది సంస్థ కోసమే అన్న స్పృహ మాత్రం వదలకండి. యూనియన్ ఉంటే వారిని కలవండి.

సెలవు పెట్టినందుకు అప్రైజల్‌లో మార్కులు తగ్గించడం, ఉద్యోగం తీసేస్తామనడం వరకు వస్తే అది సలహాతో తేలేది కాదు, కార్మిక శాఖనో, కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదినో సంప్రదించాలి. జబ్బు వల్లనో గాయం వల్లనో తాత్కాలికంగా పనికి రాలేకపోవడం ఉద్యోగం నుంచి తీసేయడానికి తగిన కారణం కాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందంలోని ఆరో అధికరణం చెబుతోంది. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, తాత్కాలికం అంటే ఎన్నాళ్లో, సర్టిఫికెట్ ఎప్పుడు కావాలో నిర్ణయించడం కూడా ఆయా దేశాలకే వదిలేశారు. అందువల్ల మీరు పనిచేసే చోట చట్టం ఏమంటుందో విడిగా తెలుసుకోవాల్సిందే. అయినా జబ్బుపడటం క్రమశిక్షణారాహిత్యం కాదన్నది మీరొక్కరే పట్టుకున్న వాదన కాదని తెలియడానికి ఆ మాట ఉపయోగపడుతుంది.

మీవారి గురించి రెండు మాటలు. మానెయ్యమన్నా, సర్దుకుపొమ్మన్నా, రెండూ సంభాషణను అక్కడితో ముగించేసే మాటలే. ఆయనకు మీ మీద ప్రేమ లేదని నేను అనడం లేదు. తన చేతిలో లేని సమస్యను ఇంట్లో రోజూ వినడం కష్టమై అలా అంటూ ఉండవచ్చు. ఆయన్ని పరిష్కారం అడగడం మాని, చేయగల పని ఒకటి అడగండి. మీరు జ్వరంతో పడుకున్న రోజు ఉదయం “ఇవాళ వెళ్తున్నావా?” అని అడగవద్దని, పాప పని ఆ ఒక్క రోజు తాను చూసుకోవాలని, మేనేజర్ నుంచి రెండోసారి ఫోన్ వస్తే దాన్ని మీకు అందివ్వకుండా పక్కన పెట్టాలని చెప్పండి. ఇలాంటి స్పష్టమైన పని చెబితే చాలామంది భర్తలు ఊరటగానే చేస్తారు. ఉద్యోగం మానే విషయం జ్వరంలోనో కోపంలోనో తేల్చవద్దు. మేనేజర్‌తో మాట్లాడి, హెచ్‌ఆర్‌కు రాసి, రెండు మూడు నెలలు చూసి, అప్పటికీ మారకపోతే ఈ జీతం వస్తుండగానే నిశ్శబ్దంగా ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం తప్పేమీ కాదు. మీకున్న అనుభవానికి విలువ ఉంటుంది.

చివరగా ఒక విషయం అడగాలి, నొచ్చుకోకండి. ఇటీవల మీకు తరచుగా జ్వరం వస్తోందా? వస్తుంటే మేనేజర్‌తో నిమిత్తం లేకుండా ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించుకోండి. అలాగే రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, ఫోన్ మోగితే గుండె దడ రావడం, సెలవు లేని రోజుల్లో కూడా ఆ అనుమానం వెంటాడటం వంటివి వారాల తరబడి ఉంటే మనస్తత్వ నిపుణుడిని కలవడం అవసరం, ఇక్కడ నేను రాసే జవాబు దానికి బదులు కాదు. ఆ అపాయింట్‌మెంట్ కోసం సెలవు పెట్టాల్సి వస్తే, కారణం అన్న చోట ‘వైద్యుడి దగ్గరకు’ అని రాస్తే చాలు, ఏ వైద్యుడో ఆఫీసులో ఎవరికీ చెప్పనవసరం లేదు.