కౌంటీ పథకంలో టౌన్‌హోమా, పాత ఊళ్లో చెక్క ఇల్లా?

ప్రశ్న: మేరీలాండ్‌లోని జర్మన్‌టౌన్‌లో అద్దెకుంటున్నాం. ఇద్దరికీ గ్రీన్‌కార్డులున్నాయి. ఒక్కటే జీతం, ఇద్దరు పిల్లలు. మాంట్‌గోమరీ కౌంటీ ఎంపీడీయూ (మోడరేట్‌లీ ప్రైస్డ్ డ్వెల్లింగ్ యూనిట్, అంటే తక్కువ ధర ఇల్లు) పథకం కింద క్లార్క్స్‌బర్గ్‌లో టౌన్‌హోమ్ కొనే అవకాశం వచ్చింది. ఈలోగా టకోమా పార్క్ చారిత్రక ప్రాంతంలో ఒక పాత ఇల్లు బాగా నచ్చింది. దానికోసం గుంటూరులో ఉన్న స్థలం అమ్మి డబ్బు పంపుతానని నాన్నగారు అంటున్నారు. ‘ఎంపీడీయూ ఇల్లు కొంటే లాభం రాదు’ అని ఫ్రెండ్స్ చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఫ్రెండ్స్ మాటలో సగమే నిజముంది. ముందు ఆ సగం సంగతి చూద్దాం.

ఈ పథకం 1970ల నాటిది. పెద్ద కాలనీ కట్టే బిల్డరు అందులో కొన్ని ఇళ్లను, సాధారణంగా 12.5 నుంచి 15 శాతం దాకా, మధ్యతరగతి ఆదాయం ఉన్నవాళ్లకు తక్కువ ధరకు ఇవ్వాలి. మీకు వచ్చింది అలాంటి ఇల్లే. దానికి బదులుగా 30 ఏళ్ల పాటు ఆ ఇంటి ధర కౌంటీ అదుపులో ఉంటుంది. మధ్యలో అమ్మితే మీరు కొన్న ధరకు ద్రవ్యోల్బణం, కౌంటీ ఒప్పుకున్న మరమ్మతుల ఖర్చు కలిపి ఎంతవుతుందో అంతకే అమ్మాలి. ఇల్లు అద్దెకిచ్చి వేరేచోట ఉండటం కుదరదు. ఆ ధరను మించి రీఫైనాన్స్ (పాత లోన్ తీర్చి కొత్త లోన్ తీసుకోవడం) చేయడమూ కుదరదు. కాబట్టి పిల్లల కాలేజీ ఖర్చులకు ఈ ఇంటిమీద పెద్ద అప్పు దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు. 30 ఏళ్లు నిండాక మార్కెట్ ధరకు అమ్మినా, అదనంగా వచ్చే లాభంలో సగం కౌంటీ గృహనిధికి వెళ్తుంది.

ఉదాహరణకు, ఇల్లు 2,70,000 డాలర్లకు కొన్నారనుకుందాం. ద్రవ్యోల్బణం ఏటా 3 శాతం అనుకుంటే పదేళ్లకు దాని ధర దాదాపు 3,63,000 అవుతుంది. పక్కనే మార్కెట్ ధరకు కొన్నవాళ్లకు ఇంతకంటే చాలా ఎక్కువే రావచ్చు. మీ ఫ్రెండ్స్ చూస్తున్నది ఈ తేడానే. అయితే మార్కెట్ ధరకు ఇల్లు కొనడానికి మీ ఒక్క జీతం మీద బ్యాంకు అంత లోన్ ఇవ్వదు. మీరు పోల్చుకోవలసింది పక్కింటివాళ్ల లాభంతో కాదు, ఇప్పుడు కడుతున్న అద్దెతో. అద్దె ఏటేటా పెరుగుతుంది. ఫిక్స్‌డ్ రేటు లోన్‌లో అసలు, వడ్డీ కలిపిన నెల వాయిదా పెరగదు. హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) ఫీజు, ప్రాపర్టీ ట్యాక్స్ మాత్రం పెరుగుతాయి, అవి ముందే అడిగి తెలుసుకోండి.

ఇక టకోమా పార్క్ ఇల్లు. ఒక ప్రాంతాన్ని చారిత్రకమని ప్రకటించాలంటే పరిరక్షణ కమిషన్, ప్లానింగ్ బోర్డు పరిశీలించాక కౌంటీ కౌన్సిల్ నిర్ణయం తీసుకుంటుంది. అది జరిగాక ఇంటి లోపల మీ ఇష్టం, బయట మాత్రం అనుమతి కావాలి. వరండా కూలిపోకుండా అదే రకం చెక్కతో బాగు చేయించుకోవచ్చు. కానీ వీధివైపు పాత చెక్క కిటికీలు తీసేసి వినైల్ కిటికీలు పెడతామంటే సాధారణంగా ఒప్పుకోరు. ఆ చెక్క పని తెలిసిన వడ్రంగి దొరకాలి, అతని కూలీ కూడా గట్టిగానే ఉంటుంది. 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం కలిసిన పెయింట్ ఉండే అవకాశం ఉంది. చిన్నపిల్లలున్నారు కాబట్టి కొనేముందు దానికి తప్పక టెస్ట్ చేయించండి.

సాయమూ ఉంది. అనుమతితో చేసిన బయటి మరమ్మతుల ఖర్చులో 25 శాతాన్ని కౌంటీ మీ ప్రాపర్టీ ట్యాక్స్‌లో తగ్గిస్తుంది. పని మొదలుపెట్టకముందే ఆమోదం తీసుకుంటే, అర్హత ఉన్న ఇళ్లకు రాష్ట్రం కూడా 20 శాతం ఇస్తుంది. అంటే 24,000 డాలర్ల పనికి 6,000, 4,800 కలిపి 10,800 వెనక్కి రావచ్చు. కానీ ఆ 24,000 ముందు మీ చేతిలో ఉండాలి. ఒక్క జీతంతో బతికే ఇంట్లో నాకు టెన్షన్ పెట్టేది ఇదే.

నాన్నగారి డబ్బు విషయానికొస్తే, స్థలం అమ్మితే ముందు అక్కడ మూలధన లాభం మీద పన్ను పడుతుంది. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఆయన ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు మీకు పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్న్ వేసేటప్పుడు అది సర్దుబాటవుతుంది, కానీ అందాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది. ఇక్కడ మీరు ఏడాదిలో లక్ష డాలర్లకు మించి బహుమతి అందుకుంటే పన్ను లేకపోయినా అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు ఫారం 3520 వేయాలి. వేయకపోతే జరిమానా బహుమతిలో 25 శాతం దాకా పోవచ్చు.

నా సలహా సూటిగానే చెబుతాను. ఈ ఊళ్లో కనీసం ఏడెనిమిదేళ్లు ఉంటామనుకుంటే టౌన్‌హోమ్ తీసుకోండి, నాన్నగారి స్థలాన్ని కదిలించకండి. ముసలితనంలో ఆయనకు, అమ్మగారికి అది ఆసుపత్రి ఖర్చులకు పనికొస్తుంది. మీకు నచ్చిన పాత ఇంటిమీద ప్రేమ తప్పు కాదు. ఆ వీధులు అలా నిలిచాయంటే పరిరక్షణ నియమాలే కారణం. కానీ అక్కడ కొత్తగా ఎక్కువ ఇళ్లు కట్టనివ్వకపోవడం వల్ల ధరలు మీలాంటివాళ్లకు అందకుండా పోతాయి. ఆ లోటు కొంతైనా తీరేది ఎంపీడీయూ లాంటి పథకాల వల్లే. ‘లాభం రాదు’ అని ఈ అవకాశాన్ని వదులుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

రెండు మూడేళ్లలో ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం రెండూ వద్దు, అద్దెలోనే ఉండండి. కొనేటట్లయితే సంతకం పెట్టకముందే కౌంటీ గృహనిర్మాణ శాఖను మూడు ప్రశ్నలు అడగండి: నియంత్రణ గడువు ఏ తేదీన ముగుస్తుంది, వంటగది మార్చుకుంటే ఆ ఖర్చు అమ్మకం ధరలో కలుస్తుందా, అమ్మేటప్పుడు ఏ పద్ధతి పాటించాలి. జవాబులు ఈమెయిల్‌లో తీసుకుని, ఇంటి కాగితాలతో పాటు దాచుకోండి.