గాలం కబుర్లు: ఇంట్లో చెక్కుకునే ఎరలు

గాలానికి తగిలించే కృత్రిమ ఎరలను, అంటే మన గాలం వేటగాళ్లు లూర్లు అని పిలుచుకునే చేప బొమ్మలను, ఇంట్లోనే తయారు చేసుకోవడం గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే ప్రచురించాము.

ప్రశ్న: మైపాడు వైపు ఉప్పుటేరుల్లో పండుగప్ప కోసం దుకాణంలో కొన్న ప్లాస్టిక్ చేప బొమ్మలు వాడుతున్నాను. రాళ్లకు తగులుకుని దారం తెగిపోయినప్పుడల్లా వందల రూపాయలు నీటిపాలవుతున్నాయి. చెక్కతో నేనే చేసుకోవాలనుకుంటున్నాను. మా ఊరి వడ్రంగి టేకు తునకలు ఊరికే ఇస్తానంటున్నారు. టేకు పనికి వస్తుందా? – ఇందుకూరుపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: టేకు పనికి వస్తుంది కానీ మొదటి ప్రయత్నానికి అది మంచి ఎంపిక కాదు. కర్ర ఎంత తేలికగా ఉంటే దాని కడుపులో బరువును మనకు కావలసిన చోట అమర్చుకునే వెసులుబాటు అంత పెరుగుతుంది; బొమ్మ నీళ్లలో వెల్లకిలా పడకుండా నిలబడేదీ, లాగినప్పుడు నడుము ఆడించేదీ ఆ బరువు వల్లనే. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర దొరికితే అంతకు మించినది లేదు. అది దొరకని వారికి బూరుగు చెక్క చాలు. గుమ్మడి టేకు మధ్యరకం. చెక్కడానికి సుఖంగా ఉంటుంది, ఉప్పు కాగితానికి నునుపుగా తేలుతుంది. మన జిల్లాలోనే ఉదయగిరి కళాకారులు గరిటెలు, చెంచాలు చెక్కే గట్టి కర్ర గురించి కూడా కొందరు అడిగారు. ఆ పనితనం చూసి నేర్చుకోవలసిందే గానీ, ఆ కర్ర మాత్రం తేలే బొమ్మకు బరువెక్కువ.

టేకుకూ తేలిక కర్రకూ ఉన్న తేడాను మీరే లెక్క కట్టవచ్చు. 10 సెంటీమీటర్ల పొడవున చేప ఆకారం చెక్కి, గ్రాములు చూపే చిన్న డిజిటల్ కాటా మీద తూచండి. తరువాత గీతలున్న కొలపాత్రలో నీళ్లు పోసి, ఆ ముక్కను సూదితో గుచ్చి పూర్తిగా ముంచి, నీటిమట్టం ఎంత పెరిగిందో గబగబా చూసి తీసేయండి, ఎందుకంటే పూత లేని చెక్క నీరు పీలుస్తుంది. ముక్క 9 గ్రాములు తూగి, నీరు 22 మిల్లీలీటర్లు పెరిగిందనుకుందాం. 22 మిల్లీలీటర్ల మంచినీరు 22 గ్రాములు కనుక, గాలాలు, తీగ, రింగులు, మూతి పలక (లాగినప్పుడు బొమ్మను నీటిలోకి దించి ఊగించే చిన్న రేకు), పూత, కడుపులో పెట్టే బరువు అన్నీ కలిపి 13 గ్రాములు దాటనంత వరకు ఆ బొమ్మ తేలుతుంది. అదే ఆకారాన్ని టేకుతో చెక్కితే ముక్కే 14 గ్రాముల పైచిలుకు తూగుతుంది. మిగిలే ఏడెనిమిది గ్రాముల్లో పండుగప్పను ఆపగల లావు గాలాలకే చాలా భాగం పోతుంది. ఇంకొక సంగతి: సముద్రపు నీరు మంచినీటికంటే సుమారు రెండున్నర శాతం బరువు. ఇంటి తొట్టిలో మునగకుండా తేలకుండా మధ్యలో నిలిచేలా సరిచేసిన బొమ్మ పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు దగ్గర పోటు నీటిలో పైకి తేలిందంటే మీ పనిలో లోపం ఉన్నట్టు కాదు. అటువంటి నీటికోసం చేసే బొమ్మకు అర గ్రాము బరువు అదనంగా పెట్టాలి.

పండుగప్ప తగిలిన వెంటనే నీటిపైకి ఎగిరి తల విదిలిస్తుంది. మెత్తటి చెక్కలో బిగించిన మర కొక్కేలు ఆ విదిలింపుకు ఊడి వస్తాయి. అందుకని బొమ్మ పొట్ట అడుగున ముక్కు నుంచి తోక దాకా సన్నని రంపంతో చీలిక కోసి, ఒక మిల్లీమీటరు మందం గల స్టెయిన్‌లెస్ స్టీలు తీగను ముక్కు దగ్గర, పొట్ట దగ్గర, తోక దగ్గర ఉంగరాలుగా వంచి ఆ చీలికలో కూర్చాలి. అప్పుడు చెక్క పగిలిపోయినా చేప తీగ మీదే ఉంటుంది. కట్టుబడి పనుల ఇనుప తీగ వాడవద్దు, ఉప్పునీటిలో తుప్పు పడుతుంది. బరువును పొట్ట అడుగున, నడిమికి కొంచెం ముందుగా పెట్టాలి. రంధ్రం వేయకముందే ఆ బరువును రబ్బరు బ్యాండుతో పొట్టకు కట్టి, గాలాలన్నీ తగిలించి, నీళ్ల తొట్టిలో వదిలి చూడండి. ముందుకూ వెనక్కూ జరిపి, వీపు పైకి ఉండి తోక కాస్త వాలినట్టు నిలిచిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడే రంధ్రం వేసి, చీలికతో సహా అరల్డైట్ వంటి రెండు గొట్టాల జిగురుతో నింపండి. ఈ తొట్టి పనికి ఒక పూట పట్టినా విసుక్కోవద్దు. చాలామంది దీన్ని ఐదు నిమిషాల్లో ముగించి రంగులకు రెండు రోజులు కేటాయిస్తారు. నా అభిప్రాయంలో అది తలకిందుల లెక్క.

మూతి దగ్గర పలకకు పాత సీడీ సరిపోతుంది. అది 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలికార్బొనేట్. వేడినీళ్లలో కాసేపు ఉంచి కత్తిరిస్తే పగుళ్లు రావు. పైనున్న వెండి పొరను టేపు అంటించి లాగేయవచ్చు. పలకను బొమ్మ నిడివికి దాదాపు సమాంతరంగా ముందుకు చాపినట్టు బిగిస్తే బొమ్మ లోతుకు దిగుతుంది, కిందికి నిలువుగా దించితే పైపైనే ఉండి ఎక్కువగా ఊగుతుంది. ఉప్పుటేరులో రాళ్ల భయం ఉందంటున్నారు గనుక మీకు నిలువు పలకే మేలు.

చెక్కలోకి నీరు దిగితే ఉబ్బి పూత చిట్లుతుంది కాబట్టి రంగుకు ముందొక పొర, తరువాత రెండు పొరలు పారదర్శక ఎపాక్సీ జిగురు పూయండి. గట్టిపడే దాకా బొమ్మను కొన్ని నిమిషాలకొకసారి తిప్పుతూ ఉండకపోతే జిగురంతా పొట్ట కిందికి జారి గడ్డకడుతుంది, మీరు కష్టపడి కుదిర్చిన బరువు లెక్క తప్పుతుంది. ఫిన్లాండుకు చెందిన లౌరీ రపాలా 1936లో తన తొలి బొమ్మను బెండుతో చెక్కి, చాక్లెట్ల వెండి కాగితం చుట్టి, ఫోటో ఫిల్ములను కరిగించి పైపూతగా పూశాడు. ఆయన పెట్టుబడి అంతే. ఆ బొమ్మ పేరు తెచ్చుకున్నది గాయపడిన చిన్న చేపలా తడబడే నడకతో.

ప్రశ్న: నేను చేసిన రెండు చెక్క బొమ్మల్లో ఒకటి లాగేటప్పుడు ఎప్పుడూ ఎడమ పక్కకే పోతుంది. రెండోది నెమ్మదిగా లాగితే బాగానే వస్తుంది కానీ వేగం పెంచితే గిరగిరా తిరిగి దారం మెలి పడుతోంది. రెండూ పారేయాలా? – కొత్తపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఏదీ పారేయవలసిన పని లేదు. మొదటి దానికి ముక్కు దగ్గర దారం కట్టే ఉంగరం నడిమధ్యలో లేదు, లేదా పలక వంకరగా కూర్చుంది. బొమ్మ ఏ పక్కకు పోతోందో దానికి ఎదురు పక్కకు ఆ ఉంగరాన్ని కటింగ్ ప్లేయరుతో వెంట్రుకవాసి వంచి మళ్లీ లాగి చూడండి. ఒక్కసారిగా ఎక్కువ వంచితే రెండో పక్కకు పోతుంది, తీగ కూడా అలసి విరుగుతుంది.

రెండో దానికి పలక పెద్దదైంది, లేదా పొట్టలో బరువు తక్కువైంది. పలక మీద పడే నీటి తోపుడును అడుగు బరువు తట్టుకోలేనప్పుడు బొమ్మ బోర్లాపడి తిరుగుతుంది. ముందుగా పలక అంచులను రెండు వైపులా సమానంగా ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయండి. అరగదీసిన ప్రతిసారీ నీటిలో లాగండి. పలకలో మూడో వంతు పోయినా తిరగడం ఆగకపోతే అప్పుడు పొట్టలో బరువు పెంచాలి. ఈ పరీక్షకు పడవ గాని పొడవైన కర్ర గాని అక్కరలేదు. నిలకడ నీరున్న కాలువ గట్టు మీద రెండు మీటర్ల దారంతో బొమ్మను పక్కనే నడిపించుకుంటూ వెళ్తే దాని నడక పైనుంచి స్పష్టంగా కనబడుతుంది.

ప్రశ్న: అన్నం తినే స్టీలు చెంచాతో లూరు చేయవచ్చని ఒక మిత్రుడు అన్నాడు. నన్ను ఆట పట్టిస్తున్నాడేమోనని అనుమానం. – కావలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ మిత్రుడు నిజమే చెప్పాడు. అమెరికాలో జూలియో బ్యూల్ అనే ఆయన 1852లో ఇటువంటి ఎరకు పేటెంటు పొందాడు. చెంచా సరస్సులో జారిపడినప్పుడు ఒక చేప దాన్ని అందుకోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని కథగా చెబుతారు. కాడను కోసేసి, అంచులను ఆకురాయితో నున్నగా చేసి, రెండు కొసల్లో రంధ్రాలు వేయండి. సన్నని కొసకు రింగు, దానికి దారం మెలిపడకుండా తిరిగే స్వివెల్. వెడల్పు కొసకు రింగు, మూడు ముళ్ల గాలం. స్టీలుకు రంధ్రం వేయడమే ఇందులో కష్టమైన పని. డ్రిల్లును వేగంగా తిప్పితే ఆ చోట స్టీలు మరింత గట్టిపడి మొన మొద్దుబారుతుంది. ముందుగా మేకుతో గుంట కొట్టి, చుక్క నూనె వేసి, నెమ్మదిగా, గట్టిగా అదిమి తిప్పాలి. మందపాటి చెంచా దూరం పడుతుంది గానీ త్వరగా మునుగుతుంది, పలుచని చెంచా నెమ్మదిగా లాగినా రెపరెపలాడుతుంది. ఇంట్లో వారిని అడిగి తీసుకోండి.

ప్రశ్న: మా చెరువు నిండా తామరాకు, గుర్రపుడెక్క. కొర్రమేను కోసం మా నాన్నగారు బతికిన కప్పను గాలానికి గుచ్చుతారు. నాకు అది చూడబుద్ధి కాదు. చెక్క కప్ప చేశాను కానీ ప్రతి విసురుకూ ఆకులకు తగులుకుంటోంది. – ఆత్మకూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆకు దట్టంగా ఉన్న చోట చెక్క పనికిరాదు, అమ్మా. కిందికి వేలాడే గాలం ప్రతి కాడనూ పట్టుకుంటుంది, చెక్కేమో చేప కొరికినా నొక్కుకుపోదు. మీకు కావలసింది అరిగిపోయిన హవాయి చెప్పు. దాని మెత్తటి అట్టలో నుంచి బొటనవేలంత పొడవు, కప్ప వీపులా గుండ్రని ముక్కను పదునైన బ్లేడుతో కోయండి. రెండు ముళ్లున్న గాలాన్ని తీసుకుని, దాని కాడను ముక్క నడుమ గుండా దూర్చి, మొనలు రెండూ పైకి చూస్తూ వీపును ఆనుకుని ఉండేలా అమర్చండి. మొనలు రబ్బరు కంటే ఒక్క గోరంత కూడా పైకి లేవకూడదు. ఆకుల మీద జారేటప్పుడు వీపు వాటిని కాస్తుంది, కొర్రమేను నోట పట్టి నొక్కినప్పుడు రబ్బరు అణిగి మొనలు బయటపడతాయి. వెనక పొట్ట కింద చిన్న బరువు పెడితే కప్ప తిరగబడదు, దూరంగానూ పడుతుంది. కాళ్లకు పాత రబ్బరు గ్లోవును సన్నని పట్టీలుగా కోసి కట్టండి.

కొర్రమేను గాలి పీల్చడానికి పైకి వస్తుంది కనుక ఆ బుడగ కనిపించిన చోటికి రెండు మూరలు అవతల విసిరి, ఆకు మీదుగా లాక్కుంటూ వచ్చి, ఖాళీ నీటి మడుగు రాగానే ఒక క్షణం ఆపాలి. చప్పుడు వినగానే లాగితే చేప నోట్లోంచి కప్ప వచ్చేస్తుంది. దారం బిగిసిందని చేతికి తెలిసిన తరువాతే గుంజాలి. అయితే వానల్లో ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతూ కనిపిస్తే ఆ పక్కనే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. అవి ఆకలితో కాక కోపంతో కప్ప మీద పడతాయి, పట్టడం చాలా తేలిక. వాటిని పట్టుకుంటే ఆ గుంపు మొత్తం ఇతర చేపల పాలవుతుంది. నాన్నగారికి ఈ మాట నా తరఫున చెప్పండి.

ప్రశ్న: బరువుల కోసం సీసాన్ని వంటింటి గ్యాస్ పొయ్యి మీద కరిగించవచ్చా? – ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంత వేడిని పొయ్యి ఇవ్వగలదు, అందుకే ప్రమాదం. కరిగిన సీసంలో ఒక్క నీటిబొట్టు పడినా ఆవిరై పేలినట్టు చిమ్ముతుంది. దాని పొగ, బూడిద వంటింట్లో నిలిచిపోతాయి, పిల్లల మెదడుకు చేసే హాని ఏ కొద్ది మోతాదులోనైనా చిన్నది కాదు. సైకిలు బేరింగు గుండ్లు, ఇత్తడి మర మేకుల ముక్కలు వాడండి. జిగురులో మూసేస్తారు కనుక బేరింగు తుప్పు పట్టదు. సీసమే కావాలంటే విసురు వలలకు కట్టే గుండ్లు తయారుగానే దొరుకుతాయి. తాకిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్న: వెంట్రుకల తోక ఉన్న ఎరలకు జింక వెంట్రుకలు శ్రేష్ఠమని విన్నాను. అవి ఎక్కడ దొరుకుతాయి? కండలేరు జలాశయంలో వీటిని వాడటానికి అనుమతి కావాలా? – పొదలకూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: జింక వెంట్రుకల జోలికి వెళ్లవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. మేకపోతు తోక వెంట్రుకలు అంతే చక్కగా నీళ్లలో తెరుచుకుంటాయి. గొర్రె బొచ్చు ప్రయత్నించవద్దు. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, ఉన్న వెంట్రుకలు మరీ పొట్టి. పుంజు మెడ ఈకలు కూడా బాగుంటాయి. కట్టే ముందు సబ్బు నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టకపోతే పురుగు పట్టి డబ్బాలో ఉన్న మిగతా ఎరల తోకలనూ తినేస్తుంది.

ఇక అనుమతి సంగతి. మన రాష్ట్రంలో చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. ఏ ఎర వాడినా, ఒక్క చేపకైనా, అక్కడి సంఘం వారిని ముందుగా అడగాలి. జలాశయాల విషయంలో మత్స్యశాఖ స్థానిక కార్యాలయంలో కూడా కనుక్కోండి. సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల నిషేధం యాంత్రిక, మోటారు పడవల వేటకు సంబంధించినది, జలాశయాలకు అది వర్తించదు. అనుమతి దొరికాక మొదటి రోజు గట్టు మీద మనుషులు, పశువులు తిరగని చోటు చూసుకుని విసరండి, గాలం ముళ్ల వెనక మొనలను కటింగ్ ప్లేయరుతో నొక్కి చదును చేసి వెళ్లండి. చేతికి గుచ్చుకున్నా వెనక్కి తేలికగా వస్తుంది.